కెమెరా పట్టింది రైతులే

సంపాదకులకు,

స్వతంత్ర డాక్యుమెంటరీలు నగరాల్లో చదువుకున్నవాళ్లు తమలో తాము చూసుకునేవేనని, వాటివల్ల పల్లెకు ఒరిగేదేమీ లేదని మీ వ్యాసకర్త తేల్చేశారు. మా జహీరాబాద్ ప్రాంతం ఆయన దృష్టికి రాలేదు.

పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో కెమెరా పట్టింది దళిత మహిళా రైతులు. చాలామంది బడి మెట్టెక్కనివాళ్లు. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చాక వాళ్లు వరంగల్ వెళ్లి పత్తి రైతులను చేలల్లోనే చిత్రీకరించారు. విత్తనానికి ఎంత పోశారు, మందు ఎన్నిసార్లు కొట్టారు, చివరికి ఏం మిగిలింది? అడిగేది సాటి రైతు అయినప్పుడు ఎవరూ లెక్క దాచరు. కంపెనీల ప్రచారంలో ఎక్కడా కనిపించని లెక్క అది.

2005లో జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ కమిటీ మహికో-మోన్‌శాంటో బీటీ పత్తి రకాలు మూడింటికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. అది ఒక్క సినిమా ఫలితమని నేను అనను. రైతుల ఆందోళనలున్నాయి, పొలాల్లో చేసిన అధ్యయనాలున్నాయి. అయితే నష్టపోయినవాళ్ల మాటను వాళ్ల నోటితోనే ఊరు దాటించింది ఆ చిత్రాలు. వాటిని టికెట్ల వసూళ్లతో తూచడం అన్యాయం.

ఆ మహిళలు తీసినవి చూసి, వాళ్లతో మాట్లాడి, వ్యాసకర్త మళ్లీ రాయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, జహీరాబాద్