పాత అట్టపుస్తకం పారవేయకండి

పసిపిల్లలున్న ఇంట్లో అట్టపుస్తకం పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఏనుగుబొమ్మకు తొండం ఉండదు. పళ్లు వస్తున్న రోజుల్లో పసివాడు దాన్ని ఎప్పుడో నమిలేశాడు. "అ" మీద అన్నం మెతుకు, "ఆ" మీద ఆవకాయ మరక. పిల్లవాడు బడికి పోయే వేళకు పుస్తకం పాతకాగితాలవాడి తక్కెడలోకి పోతుంది. అలా పోనివ్వవద్దని చెప్పటానికే ఈ వారం కలం పట్టాను. దానితో పిల్లల జ్ఞాపకాల పుస్తకం చేసుకోవచ్చు.

పుస్తకాన్ని కోసి అతికించటం సరస్వతికి అపచారం కాదా అని పెద్దవాళ్లు అడుగుతారు. కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం, అడగటం న్యాయమే. కాని ఒకప్పుడు వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను మన ఇళ్లల్లో ఏం చేసేవారు? వారం వారం ఆ పుటలు విడదీసి, దొంతి పెట్టి, దబ్బనంతో కుట్టి, అట్టవేసి నవల చేసుకునేవారు. 1947 జూలైలో మొదలైన "చందమామ"ను సంపుటాలుగా బైండు చేయించుకున్న ఇళ్లు ఎన్నో! అది అపచారమని ఎవరూ అనలేదు. అయినా ఒక నియమం పెట్టుకుందాం. బాగున్న పుస్తకాన్ని మరో పిల్లకు ఇవ్వండి. చదవటానికి పనికిరానిదాన్నే ఇందుకు తీసుకోండి.

ఇక పని సంగతి. అట్టల మీద నున్నటి మెరుపు పూత ఉంటుంది. దాని మీద జిగురు నిలవదు. అందుచేత తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. బొమ్మలూ గుడ్డలూ అతికిస్తే పుస్తకం లావెక్కి మూతపడదు గనుక, ఒక అట్ట విడిచి ఒక అట్టను మొదట్లోనే కోసెయ్యండి. ఎనిమిది ఉంటే నాలుగు చాలు.

బైండింగువాళ్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఫెవికాల్‌లో కొద్దిగా నీళ్లు కలిపి పలచగా రాస్తే సరి. మందంగా రాస్తే అట్ట వంగిపోతుంది. అతికించాక అట్టకూ అట్టకూ మధ్య ప్లాస్టిక్ కాగితం పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచాలి. మా ఇంట్లో ఆ ఉద్యోగం "శబ్దరత్నాకరం"ది. 1885లో వెలువడిన ఆ నిఘంటువు బరువైన గ్రంథమని విద్యార్థులకు నేను ఊరికే చెప్పటం లేదు!

పై అట్టకు పాత నూలుచీర ముక్క అందం. పలచటి పట్టయితే జిగురు పైకి తేలి మరక పడుతుంది. ఫొటోల అసలు ప్రతులు దాచి, నకళ్లు అతికించండి. కడుపులో ఉన్నప్పటి స్కానింగు బొమ్మ కొన్నేళ్లకు వెలిసిపోతుంది. ముందే నకలు తీయించండి. పూసలూ గుండీలూ కుట్టకండి. పసివాళ్ల చేతికందినది నోటికి అందకుండా ఉంటుందా?

ఇంత చేసినా పుస్తకానికి ప్రాణం వచ్చేది చేతివ్రాతతో. మా చెల్లెలి కూతురికి ఇటువంటిదే చేస్తూ, ఒక అట్టకు తెల్లకాగితం అతికించి మా అమ్మకిచ్చాం, పిల్ల పుట్టిన రోజు సంగతి రాయమని. డెబ్బై దాటిన చెయ్యి, వరసలు వంకరపోయాయి. "కంప్యూటర్లో కొట్టించి అతికిద్దాం, అందంగా ఉంటుంది" అంది చెల్లెలు. నేను ఒప్పుకోలేదు. అచ్చక్షరాలు ఎక్కడైనా దొరుకుతాయి, అమ్మ అక్షరాలు దొరకవు కదా! ఆస్పత్రి వరండాలో తాను విష్ణుసహస్రనామం మూడుసార్లు చదివిందట. నాలుగోసారి మధ్యలో పిల్ల ఏడుపు వినిపిస్తే పుస్తకం మూసేసి లేచిందట. అది మాలో ఎవరికీ తెలియదు. ఆ అట్ట మీదే మొదటిసారి చదివాం.

మరుసటి మాఘంలో అమ్మ పోయింది. పిల్లకు ఇంకా చదవటం రాదు. ఆ వంకర వరసల మీద వేలు పెట్టి దిద్దుతూ ఉంటుంది.

మీ ఇంట్లోనూ అమ్మమ్మో, తాతయ్యో ఉంటారు. కళ్లజోడు తెచ్చిచ్చి, కలం చేతికిచ్చి, నాలుగు మాటలు రాయించండి. అక్షరదోషాలు దిద్దకండి, తెలుగు పాఠాలు చెప్పే నేనే దిద్దలేదు. చివరి అట్ట మాత్రం ఖాళీగా వదలండి. పిల్లకు రాయటం వచ్చాక అది తనది.