కళాకారుడి వెనకున్న కమ్మరి

1949 జనవరి 26న జపాన్‌లోని నారా ప్రాంతంలో హోర్యూజీ ఆలయానికి నిప్పంటుకుంది. వెయ్యేళ్లు దాటిన గోడచిత్రాలు మాడిపోయాయి. ఆ దెబ్బకు దేశం కదిలిపోయింది. మరుసటి ఏడాదే సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం వచ్చింది. గుడులూ విగ్రహాలే కాదు, నాటకం, సంగీతం, చేతిపని కూడా కాపాడుకోవలసిన ఆస్తేనని ఆ చట్టం గుర్తించింది. అలాంటి విద్యలో ఆరితేరి ప్రభుత్వ గుర్తింపు పొందిన వాళ్లను అక్కడి జనం 'సజీవ జాతీయ నిధులు' అంటారు. వాళ్లకు ప్రభుత్వం ఏటా 20 లక్షల యెన్లు ఇస్తుంది, తమ పనికి పదును పెట్టుకోమని, శిష్యులను తయారుచేయమని.

అంతకంటే మెచ్చుకోవలసింది 1975 నాటి సవరణ. పెద్ద కళ వెనక కనిపించకుండా ఉండే పనివాళ్ల మీద చట్టం చూపు పడింది అప్పుడే.

ఉరుషి పూత సంగతే చూడండి. ఆలయాల స్తంభాలకు, చెక్క గిన్నెలకు నిగనిగలాడే మెరుపు ఉరుషి చెట్టు పాలతోనే వస్తుంది. చెట్టు చేతికి రావడానికి పది పదిహేనేళ్లు పడుతుంది. ఇవాతే ప్రాంతంలోని జోబోజీలో పాలు తీసేవాళ్లు ఎండాకాలం మొదలు నాలుగైదు రోజులకోసారి బెరడు మీద అడ్డంగా గాటు పెట్టి, ఊరిన పాలను చుక్క పోకుండా గీకి తీస్తారు. అంతా కలిపి చెట్టుకు సుమారు 200 మిల్లీలీటర్లు. ఆ తర్వాత చెట్టును కొట్టేస్తారు. ఆ గాటుకు వంపు తిరిగిన ప్రత్యేకమైన కత్తి కావాలి. పాలు తీసే విద్యతో పాటు ఆ కత్తులు చేసే విద్యకూ రక్షణ ఇచ్చారు. వాడకంలో ఎక్కువ భాగం చైనా సరుకే కావడంతో, జాతీయ నిధులైన కట్టడాల మరమ్మతుకు స్వదేశీ ఉరుషి వాడాలని 2015లో ప్రభుత్వం చెప్పింది. గిరాకీ ఉంటేనే కదా, ఎవరైనా మొక్క నాటేది!

ఇక మన దగ్గరికి వస్తే, కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పేరు పెట్టుకుని నకిలీ సరుకు అమ్మితే అడగవచ్చు. బొమ్మకు ప్రాణమైన తెల్ల పొణికి కర్ర మాత్రం చుట్టుపక్కల అడవుల్లో కరువవుతోంది. పేరును కాపాడే కాగితం చెట్టును కాపాడదు. అవార్డులు, ప్రదర్శనలు కావలసినవే. వాటికంటే ముందు పొణికి మొక్కలు నాటించి, పెరిగిన కర్ర నేరుగా కొండపల్లిలోని బొమ్మల కాలనీ పనివాళ్లకు అందేలా అటవీశాఖ, చేతివృత్తుల శాఖ కలిసి పూనుకోవాలి. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఈ వానాకాలమే మొదలుపెట్టాలి.