తక్కువ అంకె చూసి మోసపోవద్దు



2020లో వెలువడిన జాతీయ కాన్సర్ రిజిస్ట్రీ నివేదిక చూశాం. 2012–16 లెక్కల్లో మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాలో ఏటా లక్ష మంది మగవాళ్ళకు 269.4 మంది కొత్తగా కాన్సర్ పాలయ్యారు. మన షోలాపూర్ పక్కనున్న ఉస్మానాబాద్, అంటే నేటి ధారాశివ్, బీడ్ జిల్లాల్లో 39.5 మంది. వయసుల తేడా సవరించి కట్టిన రేట్లివి.

అంతమాత్రాన గుండెమీద చెయ్యి వేసుకుని నిద్రపోదామా? అక్కడ పొగాకు వాడకం ఎక్కువన్న మాట నిజమే. కాని ఆసుపత్రి గడప తొక్కి, పరీక్ష జరిగితేనే రోగి లెక్కకెక్కుతాడు. నోటిపుండును వేడి చేసిందనుకొని నాన్చి, ఇంట్లోనే కన్నుమూసినవాడు ఏ లెక్కలోకి వస్తాడు? అందుకే 1987లో బార్షీలో మొదలైన దేశపు తొలి గ్రామీణ రిజిస్ట్రీ సిబ్బంది ఊరూరా తిరిగి రోగులను వెదికారు.

పత్తి దుమ్ములో బీడీ ముట్టించకూడదు. కనుక మనవాళ్ళు తంబాకు, సున్నం నలిపి దవడన పెడతారు. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి మరో చిటికెడు.

మూడు వారాలకూ మానని పుండు, తెల్లమచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనబడితే వెంటనే డాక్టరుకు చూపించుకోండి. ప్రతి కార్ఖానాలో ఏటా నోటి పరీక్ష జరగాలి, ఆ పూట కూలి కోయకూడదు. ఇది మన డిమాండు. తంబాకు మానడం మన వంతు, పరీక్ష జరిపించడం యాజమాన్యం వంతు.