బెల్టు షాపు మూయకుండా మద్యం విధానమా?

ఆంధ్రప్రదేశ్‌లో వైన్ షాపు పొద్దున పదింటికి తెరవాలి, రాత్రి పదింటికి మూయాలి. లైసెన్సు లేని బెల్టు షాపుకు ఆ వేళలు పట్టవు. కిరాణా కొట్టులో బియ్యం బస్తాల వెనకో, ఇంటి వసారాలోని ఫ్రిజ్‌లోనో సరుకు ఉంటుంది. కూలికి బయల్దేరే మనిషి తెల్లారకముందే తలుపు తట్టినా క్వార్టర్ చేతికొస్తుంది. ఎమ్మార్పీ మీద పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుంటారు. డబ్బుల్లేకపోతే ఖాతా రాస్తారు. కూలి డబ్బులు ఇల్లు చేరేలోపే ఆ ఖాతాకు జమైపోతాయి. తెలంగాణ పల్లెల్లోనూ ఇదే తీరు.

ఈ కొట్టు జోలికి పోకుండా ఎన్ని జీవోలిచ్చినా ఊళ్లో తాగుడు తగ్గదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు మొదట అడిగింది కూడా తమ ఊళ్లో సారా కొట్టు ఉండకూడదనే. వాళ్లకు ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993లో సారాను, 1995 జనవరి నుంచి మద్యం మొత్తాన్ని నిషేధించారు. రెండేళ్లకే, 1997లో, ఆ నిషేధం సడలింది. అప్పటి నుంచి చర్చంతా నిషేధం పెట్టాలా, ఎత్తేయాలా అన్నదాని చుట్టూనే తిరుగుతోంది. ఆ రెంటికీ మధ్య చేయగలిగిన పని చాలా ఉంది.

అందులో ధర ఒకటి. స్కాట్లాండ్ 2018 మేలో మద్యానికి కనీస ధర పెట్టింది. దాంతో బాగా చవక సరుకు అంగళ్ల నుంచి పోయింది. కేవలం మద్యం కారణంగా సంభవించే మరణాలు అంచనా కంటే 13 శాతం దాకా తగ్గాయని 2023లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. 2024లో అక్కడ ఆ కనీస ధరను పెంచారు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. అంతకుముందు, 2020 మేలో, ధరలు 75 శాతం పెంచితే జనం నాటుసారాకూ పొరుగు రాష్ట్రాల సీసాలకూ మళ్లారన్నది ఆ క్వార్టర్ తెచ్చిన ప్రభుత్వ వాదన. అందులో నిజముంది. సారా బట్టీలనూ సరిహద్దులనూ కట్టడి చేయకుండా పెంచిన ధర పేదవాడి ఒంటికి మరింత చేటు చేస్తుంది. కానీ నాటుసారాకు విరుగుడు చవక క్వార్టర్ అనడం ఆరోగ్య విధానం కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవారు ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం, తెలంగాణలో 43 శాతం. ఆ తెలంగాణలోనే 2023లో 2,620 దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అప్పట్లో ఒక్కో దరఖాస్తుకు తిరిగివ్వని ఫీజు రెండు లక్షలు. సీసా ఒక్కటీ అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరాయి. అమ్మకాలు పెరిగితే మెప్పు పొందే శాఖనే అమ్మకాలను అదుపు చేయమంటే ఎలా చేస్తుంది?

చేయాలనుకుంటే దారి ఉంది. సీసా మూత మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది. సరుకు డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లిందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు. బెల్టు షాపులో సీసా దొరికినప్పుడు కొట్టు నడిపే ఇల్లాలి మీద కేసు రాసి ఊరుకోకూడదు. ఆ సరుకు పంపిన లైసెన్సుదారు దుకాణం మూయించాలి. అలా కొన్ని లైసెన్సులు పోతే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే ఊళ్లకు సరఫరా ఆపుతారు.

ఇక తాగుడుకు బానిసైన మనిషి సంగతి. ధర పెంచినా అతను మానలేడు, తిండి ఖర్చు తగ్గించుకుని తాగుతాడు. స్కాట్లాండ్‌లోనూ ఇలాంటివారి విషయంలో కనీస ధర పెద్దగా పనిచేయలేదు. ఒక్కసారిగా మందు ఆగితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు బారులు తీరారు. ఆ స్థితిలో కావలసింది మంచం, మందులు, కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉండే నర్సు. జిల్లా ఆసుపత్రి దాకా పోలేనివాళ్ల కోసం ఏరియా ఆసుపత్రుల్లోనే ఆ మంచాలు వేయాలి. బీపీ, షుగర్ అడిగినట్టే తాగుడు గురించి కూడా ఇంటింటా అడగడం ఆశా కార్యకర్తలకు నేర్పాలి. దీనికి కొత్త పన్ను అక్కర్లేదు. దరఖాస్తు ఫీజుల్లో ఇంత భాగం ఆరోగ్య శాఖకని లైసెన్సు నిబంధనల్లోనే రాస్తే చాలు.