లెక్కలు ముందు తెలుగులోనే

యాభై రెండులోంచి ముప్పై ఏడు తీసేయమంటే చాలామంది మూడో తరగతి పిల్లలు ఇరవై ఐదు అని వేస్తారు. ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి మూడు పోతే రెండు. పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలని ఎవరో చెప్పారు, వాళ్లు తీశారు. టీచరు ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి, ‘అప్పు తెచ్చుకోవడం మర్చిపోయావు’ అని తరవాతి పుస్తకం అందుకుంటారు. ఆ అప్పు ఎవరిచ్చారు, ఒకటి అడిగితే పది ఎందుకొచ్చింది అన్నది ఎవరూ చెప్పరు. పదేసి పుల్లలు కట్టిన ఐదు కట్టలూ, రెండు విడి పుల్లలూ పిల్లవాడి ముందు పెట్టి, ఒక కట్ట విప్పమంటే చాలు. విడివి పన్నెండవుతాయి. అందులోంచి ఏడు తీస్తే ఐదు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి మూడు తీస్తే ఒకటి. జవాబు పదిహేను. రబ్బరు బ్యాండు విప్పిన చెయ్యి ఆ లెక్కను మరచిపోదు. ఈ పని రెండో తరగతిలో జరగకపోతే ఆరులో దశాంశాలూ, ఎనిమిదిలో బీజగణితమూ అర్థం కాని తంతుగా మారిపోతాయి.

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఈ మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది. 1951లో దేశంలో మొదటి ఐఐటీ వెలిసిన ఊరు మనది. అందుకేనేమో, మన ఇళ్లలో లెక్కల గురించి బెంగ తొమ్మిదో తరగతిలో కోచింగ్ ఫీజుతో పాటు మొదలవుతుంది. లోటు మాత్రం అంతకు ఆరేళ్ల ముందుది. గ్రామీణ బడిపిల్లల మీద జరిగిన అసర్ 2024 సర్వేలో మూడో తరగతిలో 33.7 శాతం మందే తీసివేత చేయగలిగారు. ఐదో తరగతిలో భాగహారం వచ్చినవాళ్లు 30.7 శాతం. సర్వే పల్లెలదే అయినా రైల్వే క్వార్టర్ల పిల్లలు దీనికి అతీతులని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మన పిల్లలకు మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ, బడిలో ఇంగ్లిషు. ఇన్ని భాషలు రావడం మంచిదే. కానీ ఐదారేళ్ల పిల్లవాడు కొత్త భాషనూ, కొత్త లెక్కనూ ఒకే గంటలో మింగాలంటే రెండూ గొంతులోనే ఆగుతాయి. పైగా తెలుగు సంఖ్యల్లో ఒక సౌలభ్యం ఉంది. ఇరవై దాటాక పదులెన్నో, ఒకట్లెన్నో పేరే చెప్పేస్తుంది. హిందీ, బెంగాలీల్లో ఇరవై తొమ్మిదిని ‘ముప్పైకి ఒకటి తక్కువ’ అన్న అర్థంలో పలుకుతారు. వందలోపు పేర్లు దాదాపుగా బట్టీ పట్టాల్సిందే. ఆ భాషల పిల్లలు బట్టీ పడుతున్నారు కూడా. ఇంట్లో ఉచితంగా దొరికిన సౌలభ్యాన్ని బడి గుమ్మం దగ్గరే వదిలేస్తున్నది మనమే.

బజారు లెక్కనూ బడి లోపలికి రానివ్వాలి. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహ పరిశోధకులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. కూరల బేరంలో కిలోలూ, ధరలూ, చిల్లరా నోటితోనే తేల్చే పిల్లలు అలాంటి లెక్కనే బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడిలో రాణించే పిల్లలు బేరం లెక్క ముందు తేలిపోయారు. రెండు లెక్కల మధ్య వంతెన కట్టాల్సింది బడే. మన ఊరి గోల్‌బజార్‌లో అరకిలో వంకాయల ధర అడిగి, చిల్లర లెక్కపెట్టి, అదే లెక్కను మర్నాడు నోటుబుక్కులో వేయించడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇంగ్లిషు మీడియం పోతే పిల్లల భవిష్యత్తు పోతుందని తల్లిదండ్రులు భయపడతారు. ఇంగ్లిషు పోనక్కర్లేదు. మొదటి మూడేళ్లు లెక్క తెలుగులో అర్థమైతే, ఆ లెక్కకు ఇంగ్లిషు పేర్లు నేర్చుకోవడం చిన్న పని. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతి కల్పించే బాధ్యతను రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాల మీదే పెట్టింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదించింది కూడా. ఆ గౌరవం ఒకటో తరగతి గదికి చేరాలి. ప్రభుత్వం తెలుగు వచ్చిన ప్రాథమిక ఉపాధ్యాయులను నియమించాలి. రైల్వే బడులు తొలి మూడు తరగతుల్లో రోజూ ఒక గంట తెలుగు పిల్లలకు తెలుగులోనే లెక్కలు చెప్పించాలి. మనుషులు లేరనకండి. రైల్వే వర్క్‌షాపులో వెర్నియర్ పట్టి మిల్లీమీటరులో పదో వంతు చదివిన రిటైరైన ఫిట్టర్లు మన వాడల్లోనే ఉన్నారు. ఐఐటీలో తెలుగు విద్యార్థులకూ కొదవ లేదు. తెలుగు సంఘాలు ఉగాది వేడుకల మీద చూపే శ్రద్ధలో కొంత ఇటు మళ్లించి వీళ్లను బడికి పిలవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, బస్సు వస్తుందా అని అడుగుతారు కదా. మా పిల్లలకు తీసివేత ఏ భాషలో చెబుతారు, పుల్లలతో చెబుతారా బోర్డు మీదేనా అని కూడా అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.