మేడ్చల్ పిన్‌కోడును భాగించగలరా?

ఉత్తరం మీద మేడ్చల్ అని రాసి పక్కన 501401 వేస్తాం. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఉత్తరం ఏ తపాలా కార్యాలయానికి చేరాలో చెప్పడంతో ఆ సంఖ్య పని అయిపోతుంది. కాని అది ప్రధాన సంఖ్యా, కాదా?

లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజున, సైన్సు చెప్పే నేను ఆయన తరగతికి వెళ్ళి ఈ ప్రశ్న వేశాను. ముందుగా శామీర్‌పేట సంఖ్య 500078 తీసుకొన్నాం. సరిసంఖ్య గదా, సగం చేస్తే 250039. దాన్ని 3, 7, 11, 13... ఇలా ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించారు. 59 దాకా దేనితోనూ పోలేదు. "ఇది ప్రధాన సంఖ్యే సార్, ఇక చాలు" అన్నారు సగం మంది. నేను మాట్లాడలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం ఆగకుండా 61తో భాగించింది. శేషం సున్న! భాగఫలం 4099.

మరి ఎక్కడ ఆపాలి? 501401నే చూడండి. 709ని 709తో గుణిస్తే 502681. అంటే రెండు కారణాంకాలూ 708 కన్న పెద్దవైతే లబ్ధం మన సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి కారణాంకాలుంటే ఒకటైనా 708 లోపు ఉండి తీరాలి. 708 లోపు ప్రధాన సంఖ్యలు 126, చివరిది 701. తరగతిలో 42 మంది, తలా మూడు భాగహారాలు!

అంకెల మొత్తం 11 గనుక 3తో పోదు. (బండి నంబరు అంకెలు కూడితే తొమ్మిది రావాలని వేలంలో డబ్బు పోసేవారున్నారు. అలా కూడితే అదృష్టం తెలియదు గాని, 3తో పోతుందో లేదో తెలుస్తుంది.) 23తో భాగిస్తే 1 మిగిలింది. 109తోనూ 1 మిగిలింది. 71తో పోవడానికి ఒకటి తక్కువైంది. 701 వచ్చేసరికి శేషం 186. 501401 ప్రధాన సంఖ్యే! పక్కనే ఉన్న 501400 చూస్తే 8×25×23×109.

"ఫోను క్షణంలో చెబుతుంది గదా, ఇంత శ్రమ ఎందుకు?" అన్నారు ఒక తోటి ఉపాధ్యాయుడు. చెబుతుంది, కాదనను. కాని 701 దగ్గర ఎందుకు ఆగవచ్చో పిల్లవాడికి తెలియాలి గదా! వంద లోపు ప్రధాన సంఖ్యలు రాయమంటే బట్టీ పట్టి రాసేస్తారు. ప్రతి బడిలోనూ రెండు పీరియడ్లు కలిపి సొంత ఊరి పిన్‌కోడు ఇచ్చి చూడాలని నా అభిప్రాయం.

వందల అంకెలున్న సంఖ్యలకు మా పద్ధతి పనికిరాదు. అంకెలు పెరిగినా పని మితిమీరకుండా, ఏ సంఖ్యనైనా కచ్చితంగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూరు ఐఐటీకి చెందిన మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. చివరి ఇద్దరూ అప్పుడే బి.టెక్. ముగించినవారు.

శామీర్‌పేటలో కొన్ని చిరునామాలకు 500101 అని ఉంటుంది. అది 7తో పోతుంది, భాగఫలం 71443. అక్కడ ఆగకండి, 263 దాకా వెళ్ళండి. జవాబు నా నోటుబుక్కులో ఉంది. ఇప్పుడే చెప్పను.