పాత ఆటకు కొత్త రంగులు

వీడియో గేమ్ అనగానే చదువు పాడుచేసేది అంటారు పెద్దలు. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఒక ఆట గురించి మా గదిలో జరిగిన వాదన మమ్మల్ని బాగా ఆలోచింపజేసింది. దాన్ని మిత్రులతో, పూర్వ విద్యార్థులైన అన్నలతో పంచుకోవాలనుకుంటున్నాం.

ఆ ఆట పేరు ‘ఆఫ్’. బెల్జియంలో మోర్టిస్ ఘోస్ట్ అనే మారుపేరుతో బొమ్మలు వేసే ఒకాయన దాన్ని 2008లో ఫ్రెంచి భాషలో విడుదల చేశారు. వెనుక పెద్ద కంపెనీ లేదు. ‘ఆర్‌పీజీ మేకర్ 2003’ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసి, ఉచితంగా ఇచ్చేశారు. తరువాత అభిమానులే ఇంగ్లీషులోకి అనువదించారు. అలా ఊరూరా తిరిగి, ఒక సీనియర్ అన్న పెన్‌డ్రైవ్‌లో మన హాస్టల్ పాత కంప్యూటర్‌కు చేరింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఆడాం.

కథానాయకుడి పేరు బ్యాటర్. లోకాన్ని ‘శుద్ధి’ చేయడమే తన పవిత్ర కార్యం అంటాడు. మనం నడిపిస్తే నడుస్తాడు. శుద్ధి చేసిన చోటికి తిరిగి వెళ్లి చూస్తే అంతా తెల్లగా, మనుషులే లేకుండా ఉంటుంది. మనం చేసింది మంచి పనేనా అన్న ప్రశ్న అప్పుడు గుచ్చుకుంటుంది.

2025 ఆగస్టులో ఇదే ఆట కొత్త రూపంలో వచ్చింది. పోరాట పద్ధతిని సవరించారు, కొన్ని భాగాలు చేర్చారు. పాత సంగీతం తీసేసి కొత్తది పెట్టారు. ఆ సంగీతం చేసినవారిలో 2015లో ‘అండర్‌టేల్’ ఆటను తయారుచేసిన టోబీ ఫాక్స్ కూడా ఉన్నారు. పాతది ఉచితం, కొత్తది కొనాలి.

ఇక్కడే మా గది రెండుగా చీలింది. కొత్త కంప్యూటర్లలో నడవాలంటే మార్చక తప్పదని కొందరన్నారు. ఇన్నేళ్లకు ఆ కళాకారుడి చేతికి నాలుగు డబ్బులు రావడం న్యాయం కాదా అని అడిగారు. ఆ పాట లేకపోతే అది ఆ ఆటే కాదని మిగతావారన్నారు.

మాకు మన పత్రిక గుర్తొచ్చింది. నిరుడు ఒక పాత చేతిరాత సంచికను డీటీపీ చేయించాం. అందులో ఒక అన్న రాసిన కవితలో ‘బువ్వ’ అని ఉంటే, బాగుండదని ‘భోజనం’ అని దిద్దాం. వార్షికోత్సవానికి వచ్చిన ఆ అన్న చదివి, “మంచిగనే ఉంది తమ్మీ, కానీ ఇది నాది కాదు” అన్నాడు. మేం సిగ్గుతో తల దించుకున్నాం. మేం చేసింది కూడా బ్యాటర్ చేసిన శుద్ధే కదా!

అందుకే మా అభిప్రాయం ఇది. పాతదాన్ని బాగుచేయాలి, తప్పులేదు. చేసినవారికి ప్రతిఫలం అందాలి. కానీ కొత్తది వచ్చిందని పాతదాన్ని చెరిపేయకూడదు. రెండూ పక్కపక్కనే ఉండాలి. కొనలేని పిల్లవాడికి పాతదైనా దొరకాలి. ఏది ఎందుకు మార్చారో పోల్చి చూసుకునే వీలు అందరికీ ఉండాలి.

ఈ సంచికలో ఆ కవితను ‘బువ్వ’తోనే మళ్లీ వేస్తున్నాం. అన్నా, మమ్మల్ని మన్నించు. అన్నలారా, మీ ఇళ్లలో పాత సంచికలుంటే పారేయకండి. చిరిగినా సరే, అక్షరం దిద్దకుండా మాకు పంపండి.